వేరొకరి లెన్సు

పెట్టిన లెన్సు ఆ కంటిది కాదని చిన్న డాక్టరమ్మకి తెలిసేసరికి శుక్లం ఆపరేషన్ అయిపోయింది. బల్ల మీదున్న పేషెంటుకి నర్సు కట్టు కూడా అంటించేసింది. ఖాళీ డబ్బా మీదున్న పవరు బయట వరసలో కూర్చున్న ఇంకొకాయనది. పెట్టేముందు చూసుకోవలసింది తనే. చూసుకోలేదు.

పక్కనే చేతులు కడుక్కుంటున్న పెద్ద డాక్టరుకి మెల్లిగా చెప్పింది. ఆమెకి ఈ పని నేర్పింది ఆయనే. వెంటనే మార్చేద్దామంది.

ఆయన గొంతు తగ్గించాడు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? కళ్ళజోడు రాసిస్తే సరి. అడిగితే, కొత్త కన్ను, అలవాటు పడుతుందని చెప్పు."

ఆస్పత్రికి పోయిన పేరు మళ్ళీ రాదని, ఆమెకైతే ఇంకా పేరే రాలేదని కూడా గుర్తుచేశాడు.

మర్నాడు పొద్దున కట్టు విప్పింది. పేషెంటు గడియారాలు బాగుచేసే ముసలాయన. సంచీ సర్దుకుని కూతురు పక్కనే నిలబడి ఉంది. ఎలా కనిపిస్తోందని డాక్టరమ్మ అడిగితే, ఆయన కిటికీ వంక చూశాడు, అరచెయ్యి దగ్గరికి తెచ్చుకుని చూశాడు. అంతా మంచు పట్టినట్టుందన్నాడు.

"కొత్త కన్ను కదమ్మా. అలవాటు పడుతుందా?"

అవునంటే చాలు. అబద్ధాన్ని ఆయనే వలిచి చేతిలో పెట్టాడు. గుమ్మంలో పెద్ద డాక్టరు అనమన్నట్టు తలాడించాడు. డాక్టరమ్మ స్టూలు లాక్కుని ముసలాయన ఎదురుగా కూర్చుంది.

"పడదండీ. వేరేవాళ్ళ లెన్సు మీకు పెట్టాను. తప్పు నాదే. మీరు ఒప్పుకుంటే ఇవాళే మారుస్తాను. నా మీద నమ్మకం లేకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

పెద్ద డాక్టరు చరచరా వెళ్ళిపోయాడు. కూతురి ముఖం కందగడ్డయింది. ఆ కంటితోనే ఇల్లు గడుస్తోందని, చదువుకున్నవాళ్ళు చేసే పనేనా ఇదని ఆమె అందుకోబోతుంటే ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"కింద ఆగమన్న కారు పంపించెయ్ తల్లీ. ఇంకో ఆస్పత్రికి పోనక్కర్లేదు. ఈవిడే మారుస్తుంది."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. తను చెప్పకముందే ఇంకో ఆస్పత్రికి ఎందుకు బయల్దేరారని అడిగింది.

"మత్తు కంటికే ఇచ్చారమ్మా, చెవులకి కాదు."