అచ్చియమ్మ నడుం నొప్పి

"అమ్మో, నడుం!" అంటూ అచ్చియమ్మ వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయింది. మూడు రోజులుగా ఇదే వరస.

చిన్నారావు కుర్చీ చేతులు ఊతం చేసుకుని లేచి, కంగారుగా వచ్చాడు. ముప్పయ్యారేళ్లు గూడ్సు బండ్లు నడిపి, రిటైరై, ఉద్యోగం చేసిన హిందీ ఊళ్లోనే రాజ్‌కిశోర్ నగర్లో ఇల్లు కట్టుకున్న మనిషి. డాక్టర్లంటే గిట్టదు. సర్వీసు మొత్తమ్మీద ఒక్క రోజు కూడా సిక్ లీవు పెట్టలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. కానీ పెళ్లాం మూలుగుతుంటే మాత్రం చూడలేడు.

"కార్తీకంలో సింహాచలం మెట్లెక్కుతామని మొక్కుకున్నాం కదేటి. ఇలగైతే ఎక్కగలమా?" అంది ఆవిడ కళ్లొత్తుకుంటూ.

అంతే. గంటలో ఇద్దరూ పక్క పేట సర్కండాలో, వ్యాయామాలతో నొప్పులు తగ్గించే తనూజ క్లినిక్‌లో ఉన్నారు. తనూజ అక్కడి రైల్వే కాలనీలో పెరిగిన తెలుగు పిల్లే. మాట తెలుగులో మొదలెట్టి హిందీలోకి జారిపోతుంది.

"వెన్నెముక కిందికొచ్చి తుంటి ఎముకతో కలుస్తుంది కదా అంకుల్, ఆ కీలు దగ్గర నొప్పి. చుట్టూ ఉన్న కండలు గట్టిపడాలి. ఎక్సర్‌సైజే మందు."

"కప్లింగ్ లూజయిందన్నమాట."

"బిల్కుల్! కానీ ఆంటీకి ఇంట్లో ఎవరు నేర్పిస్తారు?"

"నేను లేనేటమ్మా? ఎంతమంది అసిస్టెంట్లకి ఇంజను నేర్పాను!"

"అచ్ఛా, అయితే ముందు మీరే నేర్చుకోవాలి. పడుకోండి."

పడుకున్నాడు. తనూజ ఆయన చేత కాళ్లెత్తించింది. మోకాళ్లు మడిపించింది. బోర్లా తిప్పి, నడుం కింద బొటనవేలితో నొక్కింది.

"నొప్పి ఇక్కడే ఉంటుంది. తెలిసిందా?"

"తెలిసింది, తెలిసింది!" అన్నాడు పళ్లు బిగించి.

మర్నాడు పొద్దున్నే వరండాలో రెండు చాపలు పడ్డాయి.

"వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడువు. ఇప్పుడు నడుం పైకెత్తు... అలగ కాదే! తలెత్తుతావేటి?"

"ఏదీ, ఇంకోసారి చూపించండి."

చూపించాడు. ఈసారి ఆవిడ కాళ్లెత్తింది. మళ్లీ చూపించాడు. మళ్లీ తలెత్తింది.

తర్వాతది ఇంకా కష్టం. చేతుల మీదా మోకాళ్ల మీదా వంగి, కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాపాలి. అచ్చియమ్మ కుడి చెయ్యీ కుడి కాలూ ఒకేసారి లేపి, ధబ్బున చాప మీద పడి, కడుపు పట్టుకుని నవ్వింది.

"నవ్వుతావేటే! మెట్లెక్కాలా వద్దా?"

"బుర్రకెక్కడం లేదండీ. ఇంకొక్కసారి!"

ఆవిడ రెండు చేసేసరికి ఆయన ఇరవై చూపించాల్సి వచ్చేది. వారం తిరిగేసరికి చిన్నారావుకి పూనకం వచ్చేసింది. "గ్రీన్!" అని అరిస్తే నడుం లేవాలి. "రెడ్!" అనేదాకా దిగకూడదు. గోడవతల రిటైర్డ్ గార్డు బంగార్రాజు కాఫీ గ్లాసుతో నిలబడి, జెండాకి బదులు తువ్వాలు ఊపేవాడు.

"నెలయింది చిన్నారావ్. ఇంతలా చూపించినా ఆవిడకి ఒక్కటీ రాలేదేటి?"

"వస్తాది. మొండి ఇంజను. లాక్కుపోవాలి!" అంటూ చిన్నారావు ఒంటికాలి మీద నడుమెత్తి, ఇరవై లెక్కపెట్టాడు.

ఆరు వారాలయ్యాక ఒక పొద్దున్న అచ్చియమ్మ వరండాలో గిర్రున తిరిగింది.

"పోయిందండీ! నొప్పి పోయింది!"

చిన్నారావు ఒక్క కేక పెట్టి, ఆవిడని అమాంతం ఎత్తుకుని రెండు చుట్లు తిప్పాడు.

"దించండి! బంగార్రాజుగారు చూస్తన్నారు!"

"చూడనీ! ఆయన జెండా ఊపకపోతే బండి ఆగిపోద్దా?"

గోడవతల తువ్వాలు మహా జోరుగా ఊగింది.

అరకిలో జిలేబీ కట్టించుకుని క్లినిక్‌కి వెళ్లారు. చిన్నారావు రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేసి, పైనుంచి చెయ్యందించి పెళ్లాన్ని లాగాడు. తనూజ కోరిందని, పాఠాలన్నీ మొదటినుంచి చివరిదాకా చేసి చూపించాడు. చెమటైనా పట్టలేదు.

"వాహ్ అంకుల్! సింహాచలం టిక్కెట్లు తీసేయండి."

"నా కోచింగ్ అలాంటిది మరి!" అని మీసం సవరించుకుని, ఆటో పిలవడానికి ఈల వేసుకుంటూ దిగిపోయాడు.

ఆ ఈల వీధిలో కలిసిపోయాక, తనూజ, ఇద్దరూ మొదటిసారి రాకముందే అచ్చియమ్మ ఒక్కతే రహస్యంగా వచ్చి రాయించి వెళ్లిన ఫైలు తీసి, "పేషెంటు: చిన్నారావు" అని ఉన్నచోట "పూర్తిగా తగ్గింది" అని రాసింది.