పెద్దాడి చోటు

"చొక్కా విప్పి కూర్చోండి," అంది నర్సు.

ఆ మాట వినగానే తండ్రికి ఒళ్లు మండిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన కవలలు, స్పృహలో లేని తల్లి. పెద్దాడి ఒళ్లు చల్లబడుతోంది, ఒక్కసారి గుండెకి హత్తుకోనివ్వమని నిన్న కాళ్లావేళ్లా పడ్డాడు. తల్లి అయితేనే, తండ్రులకి కుదరదంటూ ఈవిడే తలుపు మొహాన వేసింది. తెల్లారేసరికి పెద్దాడు లేడు. ఇవాళేమో తండ్రి అయినా పర్లేదట.

నర్సు చిన్నాణ్ణి అతని ఛాతీకి ఎడమవైపు ఆనించి, గుడ్డ చుట్టి కట్టి వెళ్లింది. గుప్పెడంత బిడ్డ వెచ్చగా ఊపిరి తీస్తున్నాడు. మెషీన్ల చప్పుడు తప్ప గదిలో అలికిడి లేదు.

కాసేపటికి కుడివైపు ఒళ్లు చల్లబడింది. గుడ్డ కింద ఏదో మెల్లగా పైకి పాకింది. చిట్టి వేళ్లు అతని ఛాతీ మీద వెంట్రుకల్ని గట్టిగా పట్టుకున్నాయి. చిన్నాడి చేతులు రెండూ ఎడమవైపే ఉన్నాయి.

అతను కదల్లేదు.

నర్సు తిరిగొచ్చి చూసింది. "ఇదేంటండీ, గుడ్డ ఇంత బిగుసుకుపోయింది? నేను వదులుగానే కట్టానే." ముడి విప్పబోయింది.

"చెయ్యి తియ్యి," అన్నాడతను పళ్లబిగువున. "పెద్దాడు ఇప్పుడే వెచ్చబడుతున్నాడు."