ఇంట్లో ఎవరిదీ కాని ఫోన్

“ఈ నాలుగోది ఎవరిదమ్మా?” అంటూ టెక్నీషియన్ తన ల్యాప్‌టాప్‌ను కోడలి వైపు తిప్పాడు.

వైఫైకి కలిసిన వాటిల్లో ఆమె కంప్యూటరుంది, ఆమె ఫోనూ భర్త ఫోనూ ఉన్నాయి. నాలుగోదిగా కనిపిస్తున్న ఫోను ఎవరిదో ఆమెకు అంతుబట్టలేదు.

“మాది కాదండీ.”

“రోజూ గంటల తరబడి వాడుతున్నారు మరి.”

ఆసుపత్రి రోగుల రిపోర్టులు ఇంట్లో కూర్చుని టైపు చేసే ఉద్యోగం ఆమెది. ఇంటి నెట్‌కు కట్టుదిట్టం లేకపోతే ఆఫీసుకే వచ్చి చేయాలని పైవాళ్లు తేల్చి చెప్పేశారు. ఆమె వెళ్తే మామగారిని చూసేదెవరు? పక్షవాతం నుంచి కాలూ చెయ్యీ తేరుకున్నాయి గానీ, మాట మాత్రం రాలేదు. స్పీచ్ థెరపిస్టు ఎదుట నాలుక తిరగక సిగ్గుతో చితికిపోయి, ఇక రావద్దని ఆవిడకు సైగ చేసేశారాయన. అప్పట్నుంచి పగలంతా గది తలుపు వేసుకునే ఉంటున్నారు. ప్రయత్నమే మానేశారని కొడుకు దిగులు.

వైఫై పెట్టె అడుగున కంపెనీవాళ్లు అంటించిన పాస్‌వర్డే ఇన్నాళ్లూ వాడుతున్నారని, అది చూసిన వాళ్లెవరైనా దూరిపోవచ్చని టెక్నీషియన్ చెప్పాడు. ఆమె అనుమానం పై వాటా దంపతుల మీదకు పోయింది. ఎదురుపడితే చాలు, తెగ నవ్వుతారు. ఇదన్నమాట ఆ నవ్వు!

అతను ఆమె చేత పొడవాటి కొత్త పాస్‌వర్డ్ పెట్టించాడు. సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డునూ మార్పించాడు. పెట్టె మీది మీట నొక్కితే చాలు, పాస్‌వర్డ్ లేకుండా కలిసిపోయే ఏర్పాటును ఆపేశాడు. ఎప్పట్నుంచో పడి ఉన్న అప్‌డేట్లు ఎక్కించాడు. వచ్చేపోయే వాళ్ల కోసం వేరే నెట్‌వర్క్ పెట్టి, “అసలుది మాత్రం ఎవరికీ చెప్పకండి” అన్నాడు.

ఆ నాలుగోది తెర మీంచి మాయమైంది.

అతను వెళ్లాక ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది. అంతా పరీక్షించి, ఇంటి నుంచే చేసుకోమన్నారు. పీడ విరగడైందనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలింది.

మామగారి గది తలుపు తెరుచుకుంది. పాతబడిందని ఎప్పుడో మూలపడేసిన ఫోను ఆయన చేతిలో ఉంది. తెర మీద వీడియోలో ఎవరో పంతులమ్మ, నోరు బార్లా తెరిచి ‘ఆ’ పలికిస్తూ మధ్యలో ఆగిపోయింది. ఆయన కోడలి వంక మొహమాటంగా చూసి, పెదవులు కూడదీసుకున్నారు.

“కొత్త... పాస్‌వర్డేంటి... అమ్మాయ్?”