పీర్ తాత చుట్టాలు

"తాతా, నా జాకెట్టు ఏటైనాది?"

"సుట్టాలొచ్చారమ్మా. రేపిచ్చేత్తాను."

టైలర్ పీర్ మహమ్మద్ రేపు అన్నాడంటే అది ఎల్లుండికీ రాదని పాతపట్నంలో ఆ వీధి వీధంతటికీ తెలుసు. అయినా పక్కింటి వరహాలమ్మకి ఒళ్ళు మండింది. ఆడపడుచు కూతురి పెళ్ళి ఎల్లుండే మరి.

మిషను మీద చూస్తే చిన్నపిల్ల గౌను. లోపల నుదుట బొట్టుతో ఒకావిడ, పక్కన పిల్ల. ఇద్దరికీ తెలుగు రాదు.

నెలకోసారి ఇలాంటి చుట్టాలే దిగుతారు. రెండు రోజులుండి వెళ్ళిపోతారు, మళ్ళీ కనపడరు.

సాయిబు తాతకి బొట్టు పెట్టుకునే చుట్టాలెక్కడివి? వరహాలమ్మ బుర్రలో పురుగు దొలిచింది.

మర్నాడు పొద్దున్నే తాత రైలు స్టేషన్‌కి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో వీధిలో జీపు ఆగింది. తెల్లచొక్కా మనిషొకడు దిగి ఫోన్లో ఫోటో చూపించాడు.

"అప్పా, నా పేరు పోలిరాజు. ఇది మా మరదలు, దాని కూతురు. ఎవుడో మాయమాటలు సెప్పి తీసుకుపోనాడు."

తోడబుట్టినవాళ్ళు లేని మనిషి వరహాలమ్మ. ఎవరైనా అక్కా అన్నట్టు అప్పా అని పిలిస్తే చాలు, కరిగిపోతుంది.

"ఓలమ్మ! నానప్పుడే అనుకున్నాను. ఆ టైలరు ఇంట్లోనే ఉన్నారు బాబూ!"

తనే ముందు నడిచి తలుపు కొట్టింది. ఆమె గొంతు విని తలుపు తెరుచుకుంది.

పోలిరాజుని చూసి ఆవిడ అరవలేదు, ఏడవలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చి జీపెక్కింది. పిల్ల గౌనుకి ఒక చెయ్యి ఇంకా కుట్టనే లేదు.

అయినవాళ్ళని చూస్తే ఎవరైనా అలా బిగుసుకుపోతారా? వరహాలమ్మ అడుగుదామనుకునేలోగా జీపు కదిలింది.

గంటకి తాత వచ్చాడు, చేతిలో రైలు టిక్కెట్లతో.

వరహాలమ్మ గొప్పగానే చెప్పడం మొదలుపెట్టింది.

పోలిరాజు పేరు వినగానే తాత అరుగు మీద కూలబడ్డాడు.

"ఆడు బట్టీ మేస్త్రీ అమ్మా. ఇటుకబట్టీలో ఆళ్ళని కట్టుబానిసల్లా ఉంచేడు. ఇటుకమట్టి బట్టల్తో రైలెక్కితే ఆడి మనుషులు పట్టేత్తారు. అందుకే కొత్తయి కుట్టి పంపుతాను. జీపు నంబరు సూసేవా?"

"లేదు తాతా."

వరహాలమ్మ పోలీసులకి ఫోన్ చేసింది. నంబరెంత, ఎటు వెళ్ళింది, ఏ ఊరి బట్టీ అని అడిగారు. ఒక్కదానికీ ఆమె దగ్గర జవాబు లేదు. ఏ ఊరి బట్టీయో తాతకీ తెలియదు.

తన నోటితోనే ఆ తల్లీబిడ్డల్ని పట్టిచ్చింది. వరహాలమ్మకి ఏడుపు ఆగలేదు.

"నాకొక్క ముక్క సెప్పొచ్చు కదా తాతా!"

"నీకు తెలిసే ఉంటాదనుకున్నానమ్మా. యాభై ఏళ్ళ కిందట నాను బట్టీ నుంచి పారిపోయొస్తే, ఈడు మా తమ్ముడని అందరికీ సెప్పి, మూణ్ణెల్లు మీ ఇంట్లో దాసింది మీ అత్త గంగాలమ్మే."