తీరిక ఎవరిది

చదువుతున్న నవల బోర్లించి, శాలిని కూతురి ఒళ్ళోని ఫోను లాక్కుంది.

“‘ఓకే’కి ‘కే’, ‘థాంక్స్’కి ‘టీక్యూ’! నిండుగా ఓ మాట రాయడానికి కూడా బద్ధకమే! ఏలూరంతా నన్ను తెలుగు టీచరంటారు, సిగ్గేస్తోంది. ఒక్క పుస్తకం చదివేదాకా ఇది బీరువాలోనే.”

“నా ఫ్రెండ్సుతో మాట్లాడేది దాంట్లోనే. ఇచ్చెయ్యమ్మా.”

కూతురు జాయ్సీ, నాయనమ్మ మెడ ఎత్తిపట్టుకుని రాగిజావ తాగిస్తోంది. పక్షవాతం వచ్చాక వరమ్మకి గిన్నెడు జావ తాగడానికి గంట పడుతుంది.

“నీ వయసులో నేను నెలకి నాలుగు నవలలు చదివేదాన్ని.”

“ఇప్పుడూ చదువుతున్నావుగా, మీ అత్తగారికి నేను తాగిస్తుంటే! ఆవిడ ఒక గుటక మింగేలోపు రెండక్షరాలే కొట్టగలను. బద్ధకం ఎవరికో నువ్వే చెప్పు.”

“నోర్ముయ్!”

జాయ్సీ లేచి గిన్నె తల్లి చేతిలో పెట్టింది. నవల తీసుకుని కుర్చీలో కూర్చుంది. “చదువుతా. నువ్వు తాగించు.”

శాలిని చెంచా అత్తగారి నోటికి అందించింది. జావంతా వరమ్మ మెడ మీదికి కారిపోయింది.

“కుడి బుగ్గలో పొయ్యాలి,” అంది జాయ్సీ తలెత్తకుండా. “రెండేళ్ళయింది. నీకింకా తెలీదా?”

శాలినికి నిజంగానే తెలియదు. కాసేపటికి ఫోను కూతురి వైపు జరిపింది.

జాయ్సీ దాన్ని ముట్టుకోలేదు. పేజీ తిప్పింది.