పచ్చడి డబ్బా మీద ఇంగ్లీషు

ఫ్రిజ్ తలుపు తీసిన కృపకు ప్రాణం ఉసూరుమంది. మటన్ పచ్చడి డబ్బా మీద ఓ కాగితం అంటించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో, వంకర టింకర పెద్దక్షరాలతో 'రాటెన్'.

కోదాడ నుంచి అమ్మ మొన్ననే పంపిన పచ్చడి. ఆదివారం తీరిగ్గా వేడన్నంలో కలుపుకోవాలని నోరు కట్టుకుని మరీ దాచుకుంది. అత్త పెంటమ్మ ఒక్క ముక్క పెట్టమని ఎంత బతిమాలినా పెట్టలేదు. ఆమెకు బీపీ. పచ్చళ్ల జోలికే పోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు మరి.

రాసింది గణేషే అయి ఉంటాడు. టీచరమ్మ మొగుణ్నని చీటీ కూడా ఇంగ్లీషులోనే రాస్తాడు మహానుభావుడు. అడుగుదామంటే తెల్లారకముందే మఠంపల్లి డ్యూటీకి పోయాడు, ఫోనెత్తడు. మూత తీసి చూసే ధైర్యం కృపకు లేదు. నిరుడు పాడైన కూర తిని సూర్యాపేట దవాఖానలో సెలైన్ ఎక్కించుకున్న సంగతి ఇంకా మరువలేదు.

"ఏం రాసిన్రు బిడ్డా గాడ?" పెంటమ్మ వెనక నుంచి తొంగి చూసింది.

"కుళ్లిపోయిందని అత్తమ్మా."

ఏడుపొస్తున్నా కృపలోని టీచరు ఊరుకుంటుందా? పండు మురిగినా, కట్టె పుచ్చినా, పన్ను పుచ్చినా ఇంగ్లీషోళ్లకు అదే మాటని, బుద్ధి మంచిగ లేనోళ్లను కూడా అట్లనే తిడతారని విడమరిచి చెప్పింది.

పెంటమ్మ బుగ్గలు నొక్కుకుంది. అట్లయితే పెరటి తలుపు రాటెన్, తన దవడ పన్ను రాటెన్, పొద్దంతా పేకాటాడే తన మొగుడు అందరికంటే పెద్ద రాటెన్ అని తేల్చేసింది. అంత బాధలోనూ కృపకు నవ్వాగలేదు.

బడికి టైమైంది. డబ్బా చెత్తలో గుమ్మరిద్దామని తీయబోతే పెంటమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీ అమ్మ చేసి పంపింది నీ చేత్తోని పారేస్తే మనసుకు మంచిగుండదు బిడ్డా. నువ్వు పో, నేను పారేస్త తియ్."

ఇంత మంచి అత్త ఎవరికి దొరుకుతుందిలే అనుకుంటూ కృప కళ్లు తుడుచుకుని స్కూటీ ఎక్కింది.

బండి చప్పుడు సందు దాటగానే పెంటమ్మ పళ్లెం నిండా వేడన్నం పెట్టుకుని, రోజూ సాయంత్రం ట్యూషన్ పిల్లలతో కోడలు దిద్దించే ఇంగ్లీషు అక్షరాలను, మాటలను మూలన కూర్చుని దొంగచాటుగా నేర్చి, రాత్రి తానే కూడబలుక్కుంటూ రాసి అంటించిన ఆ కాగితాన్ని పరపర పీకేసి, డబ్బా మూత తీసింది.