షెడ్డు తాళంచెవి

మేడ మీద గంగాళంలో నీళ్లు మరుగుతున్నాయి. స్నానాలకి కాదు.

మా ఆయనా, మిగతా మగాళ్లూ పిట్టగోడ పొడవునా ఇటుకలు పేర్చారు. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోతోంది. అయినా బిల్డింగులో ఎవరూ కిందికి దిగడం లేదు.

రైలు పట్టాల అవతలివాళ్లు ఈరోజు మన మీద పడతారని పొద్దున్నే అందరి ఫోన్లకీ వార్త వచ్చింది. పంపిందెవరని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా అత్త శాలువా కప్పుకుని, పెద్ద గరిటె పట్టుకుని గంగాళం పక్కన కూర్చుంది. ఆవిడకి ఎండాకాలంలోనూ చలే.

"గరిటెతో ఏం చేస్తారత్తయ్యా? వచ్చినవాళ్లకి వడ్డిస్తారా?"

"నోర్ముయ్యవే. నీకన్నీ వేళాకోళాలే."

అంటూనే గరిటె పిడి ఇంకా గట్టిగా పట్టుకుంది.

కింది వాటా హిస్టరీ మాస్టారు కూడా ఒక ఇటుక పట్టుకున్నారు. ఇన్నేళ్లూ సుద్దముక్క పట్టిన చెయ్యి.

"ఎక్కడైనా ఇంతేనా మాస్టారూ?" అని అడిగాను.

"ఏ దేశం పుస్తకం తెరిచినా ఇదేనమ్మా. పేర్లు మారతాయంతే."

"ఎక్కడా ఎవరూ ఆగలేదా?"

ఆయన చేతిలో ఇటుకని అటూ ఇటూ తిప్పారు.

"ఆగిన ఊళ్ల సంగతి సిలబస్‌లో లేదమ్మా."

అప్పుడే నా ఫోన్ కదిలింది. తెర మీద 'కాజాల వదిన'. గబగబా మెట్లు దిగి ఒక మూలకి వెళ్లాను.

పట్టాల పక్కన చొక్కాలు కుట్టే షెడ్డులో మావి పక్కపక్క మిషన్లు. నేను కాలర్లు కుడతాను, ఆవిడ గుండీలకి కాజాలు తీస్తుంది. ఆవిడ ఇల్లు పట్టాల అవతల. చుట్టరికం ఏమీ లేదు గానీ ఎప్పుడో వరసలు కలిపేసుకున్నాం.

షెడ్డుకి రెండు తాళంచెవులు. ఒకటి ఆవిడ మెడలో, ఒకటి నా మెడలో. ముందొచ్చినవాళ్లు తలుపు తియ్యాలి. నాది ఇప్పుడూ జాకెట్టు మీద వేలాడుతూనే ఉంది.

"వదినా," గుసగుసగా అంది. "మీవాళ్లు మా మీదికి వస్తున్నారంటగా? ఎప్పుడో చెప్పవా, నీకు పుణ్యముంటుంది."

"మావాళ్లా? మీవాళ్లే వస్తున్నారని మేమిక్కడ చస్తుంటే!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడుపులాంటి నవ్వు.

"వచ్చేదెవరే తల్లీ! అందరం మన షెడ్డులోనే నక్కి ఉన్నాం, మగాళ్లతో సహా. ఒక్కడి చేతిలో కర్రముక్క లేదు. పిల్లల్ని బట్టల మూటల వెనక పడుకోబెట్టాం. కిక్కురుమనడం లేదు."

ఎంత తేలికపడ్డానో! రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాను.

"వాళ్లు రావడం లేదు!" అని అరిచాను. "మనమే వెళ్తామని హడలి చస్తున్నారు! అందరూ ఒక్కచోటే నక్కి కూర్చున్నారు, చేతిలో కర్రముక్క కూడా లేదు పాపం!"

"హమ్మయ్య" అని మాస్టారు ఇటుక కింద పెట్టారు. అత్త గరిటె ఒళ్లో పెట్టుకుంది.

పక్కవాటా మెకానిక్ మాత్రం తన ఇటుక వదల్లేదు.

"ఏ చోట?" అన్నాడు. చాలా మెల్లగా, అడ్రసు కనుక్కుంటున్నట్టు.

వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో చేతులు దులుపుకుని లేచారు.

మాస్టారు వంగి, కింద పెట్టిన ఇటుక మళ్లీ తీసుకున్నారు.

భయపడుతున్నంతసేపూ వీళ్లు మేడ దిగలేదు. ఆ భయం నేనొచ్చి తీసేశాను.

"ఏమో, నాకేం తెలుసు" అన్నాను.

చేతిలో ఫోన్ మోగింది. మళ్లీ కాజాల వదినే.

"ఎత్తు వదినా," అన్నాడు మెకానిక్. "స్పీకర్లో పెట్టు. ఊరికే, మామూలుగా మాట్లాడు."

"ఇలా ఇవ్వు" అని మా ఆయన చెయ్యి చాపాడు.

ఇవ్వబోతున్నట్టే ముందుకు వంగి, గంగాళంలో వదిలేశాను. బుడుంగుమంది.

"చెయ్యి జారింది."

పొద్దున్నుంచీ అక్కా, పిన్నీ అని నోరారా పిలిచినవాళ్లు నన్ను ఎగాదిగా చూస్తున్నారు. పొద్దున్నుంచీ పట్టాల వైపు చూసిన చూపే అది.

అత్త గరిటెతో నీళ్లలో దేవి ఫోన్ బయటికి తీసింది.

"చచ్చింది" అంది.

మోకాళ్లు పట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చింది.

"పొద్దున్నుంచీ దీనికి ఒళ్లు కాలిపోతోందిరా. చేతుల్లో పట్టు ఎక్కడిది!"

తన శాలువా తీసి నా మెడ చుట్టూ గట్టిగా చుట్టింది. లోపల ఆవిడ వేళ్లు తడుముకుంటూ తాళంచెవిని పట్టుకుని జాకెట్టులోకి తోసేశాయి.

నాకు జ్వరమూ లేదు, పాడూ లేదు.

"అన్నా," అని మెకానిక్ మా ఆయన వైపు తిరిగాడు. "వదినకి ఫోన్ చేసిందెవరో నీకు తెలుసా?"

ఆయనకి తెలుసు. ఆయన ఒంటి మీది చొక్కాకి కాలరు నేను కుట్టాను. కాజాలు ఆవిడ తీసింది.

మా ఆయన శాలువా వైపు చూశాడు. వాళ్లమ్మ వైపు చూశాడు.

"ఏమో, నాకేం తెలుసు" అని చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.